రానివారందరూ హాజరు కావలెను

మా సాగర విహార సంస్థ గురించి ఊళ్ళో రకరకాలుగా చెప్పుకుంటున్నారు. ఓడ ఎక్కవలసిన మనిషిని ఒడ్డున వదిలేసి, ఎక్కకూడని ముప్పై ఏడుగురిని సముద్రంలోకి తీసుకుపోయామని టీ కొట్ల దగ్గర పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారట. నవ్వేవాళ్ళకి రూల్స్ తెలియవు. నేను ఆ సంస్థలో నియమావళి విభాగానికి సూపరింటెండెంటుని. పేరు కూర్మనాథం. ఇరవయ్యారేళ్ళ సర్వీసు. ఈ ఫైలు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా నా చేతి మీదుగానే నడిచింది. జరిగింది వాళ్ళు చెప్పుకుంటున్నట్టే జరిగింది, కాదనను. కాని ప్రతి అడుగూ నిబంధనల ప్రకారమే పడిందని మాత్రం మనవి చేసుకుంటున్నాను.

మా మేనేజింగ్ డైరెక్టరు చిదానందరావు గారు నిరుడు ఏదో విదేశంలో పర్యాటక సదస్సుకి వెళ్ళారు. వెంట ఆయన భార్య, బావమరిది, పీఏ, పీఏ గారి అసిస్టెంటు వెళ్ళారు. అక్కడెవరో తెల్లాయన, ఇప్పుడు లోకమంతా ఒంటరిగా తిరుగుతోందనీ, పెద్ద పెద్ద ఓడల్లో ఒక్కొక్కళ్ళే ఎక్కి హాయిగా విహరించి వస్తున్నారనీ ఉపన్యాసం దంచాడట. సారు విమానం దిగిన రోజే పదకొండుమందితో మీటింగు పెట్టారు.

"రాబోయే కాలం ఏకాకులది," అన్నారు బల్ల మీద చెయ్యి వేసి. "ఒంటరితనాన్ని ఒక వనరుగా గుర్తించవలసిన తరుణం ఆసన్నమైంది. మన రాష్ట్రంలో ఎంత తీరం ఉందో అంత ఒంటరితనం ఉంది. రెండింటినీ అనుసంధానం చెయ్యడమే తరువాయి."

అందరం చప్పట్లు కొట్టాం. అలా 'ఏకాకి సాగర విహార పథకం' పుట్టింది. విశాఖ రేవులో బయల్దేరి, నడిసముద్రంలో నాలుగు రోజులు తిరిగి, మళ్ళీ విశాఖకే వచ్చే ఓడ. మనిషికొక గది. గదికొక కిటికీ. చెప్పుకోడానికి ఎంతో బాగుంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఒంటరి అంటే ఎవరు అన్న దగ్గర. ఎవరూ లేనివాళ్ళా, లేక అయినవాళ్ళుండీ వాళ్ళు వెంట రాని మనుషులా? దీని మీద రెండు ఉపసంఘాలు వేశాం. మొదటి ఉపసంఘం, ఎవరూ లేనివాళ్ళు సంక్షేమ శాఖ కిందికి వస్తారనీ, వాళ్ళని మనం ఓడ ఎక్కిస్తే రెండు శాఖల మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు తెగవనీ తేల్చింది. కనుక మన పథకం రెండో రకానికే. అంటే ప్రయాణికుడికి అయినవాళ్ళు ఉండాలి, వాళ్ళు రాకూడదు. ఉన్నారనీ రుజువు కావాలి, రావడం లేదనీ రుజువు కావాలి.

అందుకోసం నేను ఏడో నంబరు ఫారం తయారుచేశాను. దాని పేరు 'రానివారి పట్టిక'. భర్త, అత్త, ఆడబడుచు, మరిది, తోటికోడలు, పిల్లలు, వాళ్ళ పిల్లలు అందరి పేర్లూ రాసి, ఒక్కొక్కరి ఎదురుగా 'నేను రావడం లేదు' అని సంతకం పెట్టించాలి. ఇంకా ఎవరూ తప్పించుకోకుండా, 'నెలకు మూడు పర్యాయములకు తక్కువ కాకుండా ఆ ఇంట భోజనము చేయువారు కూడా అయినవారుగా పరిగణింపబడుదురు' అని ఒక క్లాజు చేర్చాను.

అంతా అయిపోయిందనుకుంటుండగా మా భద్రతాధికారి రంగధామం గారు గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకుంటే ఇక ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళినట్టే.

"రానని సంతకం పెట్టినవాడు ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుని వచ్చేస్తే బాధ్యత ఎవరిది?" అన్నారు. "కాగితం మీద రాకపోవడం వేరు, వాస్తవంగా రాకపోవడం వేరు. రానివారు రావడం లేదన్న విషయాన్ని రేవులో భౌతికంగా ధ్రువీకరించుకోవలసి ఉంటుంది."

"ఎలా?" అన్నారు ఎండీ గారు.

"వాళ్ళని పిలిపించి లెక్కపెట్టడమే సార్."

అప్పుడే నేను ఆ వాక్యం రాశాను: 'రానివారందరూ బయలుదేరు దినమున రేవునందు స్వయముగా హాజరు కావలెను.' నా సర్వీసులో నేను రాసిన వాక్యాల్లో ఇంత స్పష్టమైనది మరొకటి లేదు. ఎండీ గారు రెండుసార్లు చదివించుకున్నారు.

పేపర్లో ప్రకటన పడగానే రెండువందల పద్నాలుగు దరఖాస్తులు వచ్చాయి. ఒక్కొక్కటే పరిశీలిస్తూ పోయాం. ఒకాయన తమ్ముడు మస్కట్‌లో ఉన్నాడు, ఆ రోజుకి రాలేనన్నాడు. కొట్టేశాం. ఒకావిడ మేనత్తకి మోకాళ్ళ నొప్పులు, రేవు దాకా రాలేదు. కొట్టేశాం. ఒక కాలేజీ లెక్చరరు భార్య అలిగి, 'నేను వెంటా రాను, పంపడానికీ రాను' అందట. అదీ కొట్టేశాం. అన్ని ఉత్తరాల్లోనూ ఒకటే కారణం రాశాం: 'తమ తాలూకు రానివారు రాలేనందున తమ దరఖాస్తు తిరస్కరించడమైనది.' చివరికి, నాలుగువందల గదుల ఓడకి అన్ని అర్హతలూ ఉన్న ఒంటరి మనిషి ఒక్కరే మిగిలారు.

ఆవిడ పేరు వరహాలమ్మ. గాజువాక. ప్రభుత్వ బాలికల వసతిగృహంలో మేట్రనుగా ముప్పై మూడేళ్ళు చేసి ఆ మధ్యే రిటైరయ్యారు. మొదటిసారి మా కౌంటరు దగ్గరికి వచ్చినప్పుడు ఓడ ఫొటో వైపు చూడలేదు, భోజనంలో ఏం పెడతారని అడగలేదు.

"గదికి లోపల్నించి గడియ ఉంటాదా బాబూ?" అన్నారు.

"ఉంటుందమ్మా. బాత్‌రూం కూడా గదిలోనే."

"ఏస్కుంటే ఎవరూ తట్టరు గదా?"

"ఎవరు తడతారమ్మా? గదిలో మీరొక్కరే."

ఆవిడ కౌంటరు మీద చేతులు పెట్టుకుని చెప్పారు. "హాస్టల్లో నూట ఎనభైమంది పిల్లలు. ఇంట్లో పదకొండుమందిమి, ఒకటే బాత్‌రూం. పెళ్ళైన కాడ్నించీ చూస్తన్నాను బాబూ, తలుపేస్కుంటే రెండో నిమిషంలో ఎవరో ఒకరు తట్టీవోరే. ఎవరూ చెడ్డోళ్ళు కాదు. అందరూ ప్రేమగానే తడతారు. సముద్రం చూద్దారని బీచికెల్తే పక్కన నలుగురు, అదిగో చూడు, ఇదిగో చూడు అని. నాలుగు రోజులు చాలు. ఒక్కర్తినీ తలుపేస్కుని కిటికీలోంచి చూస్తాను. మళ్ళీ ఈ జన్మకి అడగను."

నేను ఏడో నంబరు ఫారం ఆవిడ చేతికిచ్చాను.

రెండు రోజుల్లో ఆవిడ భర్త సన్యాసినాయుడు గారు దాన్ని పూర్తిచేసి తెచ్చారు. మనిషి మెతక. స్టీలు ప్లాంటులో చేసి దిగిపోయారు. పట్టికలో ముప్పై ఏడు పేర్లున్నాయి. ఆవిడ పోను ఇంట్లోవాళ్ళు పదిమంది, వీధిలో ఉన్న తమ్ముళ్ళ సంసారాలు, మేనకోడళ్ళు, నెలకి మూడుసార్లు కాదు, రోజుకి మూడుసార్లు తినిపోయే పక్కింటి ట్యూషను మాస్టారు కూడా ఉన్నారు.

"ఎల్లొద్దని మేమెవరం అన్లేదు సారూ," అన్నారాయన. "ఎల్లమనే అన్నాం. ఒక్కర్తినీ ఎలా పంపుతాం అనే గానీ. మేమందరం వచ్చి దించీవొచ్చా?"

"రావచ్చు కాదండీ, తప్పనిసరిగా రావాలి. ఒక్కరు రాకపోయినా ప్రయాణం రద్దు."

ఆయన మొహం వెలిగిపోయింది. "అదే మా ఇంటి పద్ధతి సారూ. మా తమ్ముడు అనకాపల్లి ఎల్తేనే స్టేషనుకి పదిమందిమి ఎల్తాం. గవర్నమెంటోళ్ళు ఇంత బాగా ఆలోచిస్తారని నాకు తెల్దు."

అంత మెచ్చుకోలు మా విభాగానికి ఎప్పుడూ దక్కలేదు. ఆ పూట నేను కాఫీ రెండుసార్లు తాగాను.

బయలుదేరే రోజు పొద్దున్నే ఒక స్కూలు బస్సు మాట్లాడుకుని అందరూ రేవుకి వచ్చేశారు. పులిహోర డేకిసా, చేగోడీల డబ్బాలు, మంచినీళ్ళ కేన్లు, సన్యాసినాయుడు గారి ముసలి తల్లి కోసం ప్లాస్టిక్ కుర్చీ. వరహాలమ్మ గారు నీలం రంగు సూట్‌కేసు పట్టుకుని చివర్న దిగారు. ఇస్త్రీ చీర కట్టుకున్నారు. ఓడని పైనుంచి కింద దాకా చూసి, "ఏ కిటికీ బాబూ నాది?" అని నన్నడిగారు. నేను చూపించాను. ఆవిడ కాసేపు దానివైపే చూస్తూ నిలబడ్డారు.

రేవులోకి టిక్కెట్టు లేనివాళ్ళని రానివ్వరు. కనుక రానివారందరికీ గులాబీ రంగు టిక్కెట్లు ఇచ్చాం. మీద 'రానివారు' అని ముద్ర. రేవులో నీడ లేదు. ఎండ మాడిపోతోంది. పెద్దావిడ సొమ్మసిల్లితే ఎవరిది పూచీ అని రంగధామం గారు అన్నారు. దగ్గర్లో ఉన్న నీడ ఓడ భోజనశాల ఒక్కటే. అందువల్ల ముప్పై ఏడుగురినీ ఓడ ఎక్కించి, అక్కడ కూర్చోబెట్టి, పేరు పేరునా పిలిచి, రావడం లేదని నోటితో చెప్పించి లెక్కపెట్టాం. లెక్క సరిపోయింది. వాళ్ళు పులిహోర విప్పారు.

ఇక వరహాలమ్మ గారు ఎక్కడమే తరువాయి. ఆవిడ సూట్‌కేసు ఎత్తి మెట్ల మీద కాలు పెట్టారు.

"ఆగండమ్మా," అన్నారు రంగధామం గారు. "పంతొమ్మిదో నిబంధన."

పంతొమ్మిదో నిబంధన నేనే రాశాను. ఒంటరి ప్రయాణికురాలు ఓడ ఎక్కు సమయమున ఆమె తాలూకు రానివారెవ్వరూ ఓడలో ఉండరాదు. ఉంటే ఆవిడ ఒంటరి ఎలా అవుతుంది? సబబే కదా.

"అయితే వాళ్ళని దిగిపొమ్మనండి," అన్నారావిడ.

"దిగకూడదమ్మా. ఇరవయ్యో నిబంధన."

ఇరవయ్యోది రంగధామం గారు రాశారు. ప్రయాణికురాలు ఒంటరిగా ఓడ ఎక్కుటను కళ్ళారా చూసి సంతకము చేయనిదే రానివారు తమ స్థానమును వదలరాదు. చూడకుండా దిగిపోతే ఆవిడ వెంట ఎవరూ ఎక్కలేదని సాక్ష్యం ఎవరు చెబుతారు? అదీ సబబే. రెండూ విడివిడిగా చదివితే ఎంతో ముచ్చటగా ఉంటాయి.

"వాళ్ళు దిగితే గాని నేనెక్కకూడదా?" అన్నారావిడ.

"అవునమ్మా."

"నేనెక్కితే గాని వాళ్ళు దిగకూడదా?"

"సరిగ్గా చెప్పారు," అన్నారు రంగధామం గారు. రూలు ఒక్కసారి వినగానే అర్థం చేసుకున్న ప్రజల్ని చూసి ఆయనకి నిజంగానే ముచ్చటేసింది.

"మరెలా బాబూ?" అని ఆవిడ నా వైపు తిరిగారు.

ఎండీ గారు పచ్చజెండా ఊపడానికి వచ్చి, వేదిక వెనక గదిలో ఉపన్యాసం చదువుకుంటున్నారు. పరుగెత్తుకెళ్ళి విషయం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "నిబంధనలకు లోబడి సానుకూలంగా పరిశీలించండి," అన్నారు. నేను తిరిగొచ్చి నిబంధనలకు లోబడి పరిశీలించాను. సానుకూలత ఏ మూలా కనిపించలేదు.

ఈలోగా నాలుగు కావచ్చింది. ఓడని రేవు బయటికి తీసుకెళ్ళే పైలట్ నాలుగింటికల్లా కదలాలని కబురు పెట్టాడు. మా వెనక ఇనప ఖనిజం ఓడ ఒకటి అదే చోటు కోసం కాచుకుని ఉంది. కెప్టెన్ పైనుంచి కేకేసి, జాబితా ప్రకారం మనుషులందరూ ఉన్నారా అని అడిగాడు. రంగధామం గారి చేతిలో ఉన్నది ఒకటే జాబితా, రానివారి జాబితా. ఆయన దాన్ని మళ్ళీ పైనుంచి కిందికి చూసి, "ముప్పై ఏడు, సరిపోయింది," అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు.

మెట్లు లాగేశారు. బ్యాండు మోగింది. ఎండీ గారు వేదిక మీద పచ్చజెండా ఊపారు. ఓడ నెమ్మదిగా జరుగుతుంటే రానివారు ముప్పై ఏడుగురూ చేగోడీలు పట్టుకుని కమ్మీల దగ్గరికి వచ్చారు. ముందు వాళ్ళకీ అర్థం కాలేదు. తరవాత ఒక్కసారిగా గోల.

"వరహాలూ! వరహాలూ!" అని సన్యాసినాయుడు గారు రెండు చేతులూ ఊపుతూ అరిచారు. "ఇంటి తాళాలు నీకాడే ఉన్నాయా?"

"దాన్నొక్కర్తినీ వొదిలీసారేట్రా!" అని ముసలావిడ ఏడుపు అందుకుంది. "ఒక్కర్తీ ఎలా ఉంటాదిరా!"

ఓడ మలుపు తిరిగేదాకా ఆ కేకలు వినిపించాయి. వరహాలమ్మ గారు చెయ్యి ఊపలేదు. తన కిటికీని చూస్తూ ఉండిపోయారు. అది ఖాళీగా, శుభ్రంగా, తుడిచిన గాజుతో సముద్రంలోకి వెళ్ళిపోయింది. తరవాత ఆవిడ సూట్‌కేసు మీద కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నాకు సిగ్గేసింది. ఇరవయ్యారేళ్ళలో ఫైళ్ళకి చాలా కారణాలు రాశాను గాని, ఆవిడ దగ్గరికెళ్ళి చెప్పడానికి ఒక్క ముక్క దొరకలేదు. ఆటో పిలిచి, సూట్‌కేసు ఎక్కించి పంపాను. అంతే చేతనయింది.

మర్నాడు ఎండీ గారు నన్ను పిలిచారు. చీవాట్లు పడతాయనుకుని వెళ్ళాను. ఆయన పత్రికా ప్రకటన సరిచూస్తున్నారు. 'ప్రథమ విహారంలో ఒక్క ప్రయాణికురాలు కూడా ఒంటరితనంతో బాధపడిన దాఖలా లేదు. పథకం నూటికి నూరుపాళ్ళు విజయవంతం.'

"కాని సార్, ప్రయాణికురాలు ఓడలో లేరు," అన్నాను.

"లేకపోవడం వేరు, బాధపడకపోవడం వేరు. రెండింటినీ కలపకండి. సంతృప్తి పత్రం మీద ఆవిడ సంతకం ఒక్కటే లోటు. ఓడ వచ్చేలోగా తెచ్చి ఫైల్లో పెట్టండి."

అలా మూడో రోజు పొద్దున్న నేను గాజువాక వెళ్ళాను. ఆవిడ తిడతారనుకున్నాను. ఏడుస్తూ ఉంటారేమో అని కూడా అనుకున్నాను. గేటుకి గడియ, తలుపుకి గడియ. వసారాలో పదకొండు జతల చెప్పులుండే చోట ఒక్క జత ఉంది. తలుపు తట్టాను. లోపల్నించి ఏ చప్పుడూ లేదు. మళ్ళీ తట్టాను. చాలాసేపటికి పక్కనున్న కిటికీ రెక్క జానెడు తెరుచుకుంది.

వరహాలమ్మ గారు మంచం ఆ కిటికీ పక్కకి లాక్కున్నారు. తలకి నూనె రాసుకుని జుట్టు విరబోసుకున్నారు. పళ్ళెంలో మామిడికాయ ముక్కలు, ఉప్పూకారం. మొన్న రేవులో చూసిన మనిషి కన్నా పదేళ్ళు చిన్నగా ఉన్నారు.

"తలుపు తియ్యను బాబూ, ఏటీ అనుకోకు," అన్నారు. "తీస్తే ఇద్దరం అయిపోతాం."

"పరవాలేదమ్మా," అని కిటికీ చువ్వల్లోంచి కాగితం చూపించాను. "నాలుగు ప్రశ్నలు, ఒక సంతకం. గది సౌకర్యంగా ఉన్నదా?"

"చాలా బాగున్నాది."

"మీ ఏకాంతమునకు ఎవరివల్లనైనా భంగము వాటిల్లినదా?"

"ఇప్పుడే నువ్వు తట్టావు. అంతే."

అది రాయలేదు. "భోజనము?"

"నిన్న వొండుకోలేదు. ఆకలేసినప్పుడు లేచి అటుకులు తిన్నాను. నువ్వు తిన్నావా, నాకు పెట్టావా అని ఎవరూ అడగలేదు." చెబుతూ ఆవిడ నవ్వారు. "మా ఇంట్లో గోడగడియారానికి చప్పుడుందని నిన్ననే తెలిసింది బాబూ. ఎంత బాగా కొట్టుకుంటాదో. మజ్జానం అంతా దాన్నే విన్నాను."

"మరల ఇట్టి విహారమునకు వెళ్ళుటకు సమ్మతమేనా?"

"వాళ్ళు మళ్ళీ ఎల్తారేటి?"

నేను 'సమ్మతమే' అని రాసుకున్నాను. ఆవిడ చువ్వల మధ్యలోంచి చెయ్యి చాపి సంతకం పెట్టారు. మేట్రను సంతకం, గుండ్రంగా ఉంది. కలం తిరిగిచ్చేసి, కిటికీ రెక్క మీద చెయ్యి వేసి ఆగిపోయారు.

"ఓడ ఎప్పుడొస్తాదన్నారు బాబూ?"

"రేపు పొద్దున్నమ్మా. తొమ్మిదింటికి."

ఆవిడ మొహంలో ఆ నవ్వు తగ్గిపోయింది. లోపలికి, ఆ ఖాళీ గదివైపు ఒకసారి చూశారు. మళ్ళీ నా వైపు తిరిగి, ఎవరన్నా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి అడిగారు.

"కాస్త ఆలస్యంగా రావడానికి రూలేటైనా ఉన్నాదా బాబూ?"

ఇన్నేళ్ళలో నా దగ్గరికి వచ్చిన ప్రతి మనిషీ రూలు తీసెయ్యమని బతిమాలినవాళ్ళే. రూలు కావాలని అడిగిన మనిషిని నేను చూడటం అదే మొదలు.

"చూడాలమ్మా," అన్నాను. "లేకపోతే ఈ సాయంత్రంలోగా రాస్తాను."